ఐదో ఫ్రెట్టు దగ్గర

ఈసారి గిటారు గురించి రాస్తున్నాను. ఉద్యమం వదిలేసి సంగీతంలో పడ్డాడని అనుకునేవాళ్లు అనుకోండి, పర్లేదు. మా నాయన బేస్ గిటారు బాగుచేయించడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో విన్న మాటలూ, ఎక్కిన గడపలూ, దాని మీద పనిచేసిన చేతులూ చూశాక ఇది ఇక్కడ రాయాల్సిన విషయమే అనిపించింది. కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి.

తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. బేస్ గిటారుకి నాలుగే తీగలు, లావుపాటివి. మామూలు గిటారులో లావు తీగలు పలికేదానికి ఇంకో స్థాయి కింద పలుకుతుంది. పాట వింటున్నప్పుడు దాన్ని ప్రత్యేకంగా ఎవరూ పట్టించుకోరు. తీసేసి చూడండి, పాట కాళ్ల కింద నేల లేనట్టు ఉంటుంది. మన తెలుగువాళ్ల చెవికి బేస్ గిటారు ఎక్కిందంటే చాలావరకు ఇళయరాజా వల్లే. ఆయన పాటల్లో అది తాళం వెనక తోకలాగా నడవదు, తన దారి తాను వేసుకుని నడుస్తుంది. మీకిష్టమైన ఎనభైల నాటి పాట ఒకటి పెట్టుకుని, గాయకుణ్ణి వదిలేసి, అడుగున ఏం జరుగుతోందో ఒక్కసారి వినండి.

1951లో అమెరికాలో లియో ఫెండర్ దీన్ని బజార్లోకి తెచ్చాడు. ఆయన రేడియోలు రిపేరు చేసుకునే మనిషి, గిటారు వాయించడం రాదు. అంతకుముందు ఈ పనంతా మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ చేసేది. దాన్ని మోసుకుపోవడం ఒక బాధ, బ్యాండు మోతలో వినబడకపోవడం ఇంకో బాధ, స్వరం ఎక్కడుందో వేలితో తడుముకోవడం మరో బాధ. ఫెండర్ తన గిటారుకి మెట్లు పెట్టాడు. వీణకి మనం మెట్లంటాం, గిటారు వాళ్లు ఫ్రెట్లంటారు. ఫ్రెట్టు వెనక వేలు పెడితే స్వరం జారిపోదు. అందుకే దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. గురువు దొరకని వాడికి ఆ ఫ్రెట్లే గురువు. మా నాయనకి అట్లాగే అయింది.

మాది బిట్రగుంట పక్కన పల్లె. మద్రాసు–బెజవాడ లైను మీద నెల్లూరుకీ కావలికీ మధ్యన ఉంటుంది బిట్రగుంట. ఒకప్పుడు అక్కడ పెద్ద ఆవిరింజన్ల షెడ్డు. నాయన 1968లో ఆ షెడ్డులో ఖలాసీగా చేరాడు. బొగ్గు, బూడిద, నూనె గుడ్డలు. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉండేవాళ్లు. వాళ్లకొక ఇన్‌స్టిట్యూట్, అందులో చెక్క నేల, శనివారం రాత్రి డాన్సు. నాయన ఆ రాత్రులు కుర్చీలు సర్దే పనికి పోయేవాడు. బ్యాండులో ఒక డ్రైవరు ఈ గిటారు వాయించేవాడు. కుర్చీలు సర్దడం అయిపోయాక కూడా నాయన ఇంటికొచ్చేవాడు కాదని, గోడ పక్కన నిలబడి ఆయన ఎడమ చేతి వేళ్లు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూసేవాడని అమ్మ చెప్తుంది.

1972లో ఆ డ్రైవరు కుటుంబం ఆస్ట్రేలియా పోతూ సామానంతా అమ్మేసింది. మంచాలు, గ్రామఫోను, కోళ్ల గూడు, ఈ గిటారు. నాలుగు వందలు చెప్పాడాయన. నాయన నెల జీతం రెండు వందలు కూడా లేదు. ఓడెక్కే లోపల నాలుగు వాయిదాల్లో తీర్చేలా మాట అయింది. మా నాయనమ్మ నెత్తీనోరూ బాదుకుందంట, ఆ డబ్బుతో పాడి గేదె వచ్చేదని. నిజమే, వచ్చేది.

గిటారు తల మీద కంపెనీ పేరు అప్పటికే అరిగిపోయింది. మెడని ఒంటికి బిగించే ఉక్కు ప్లేటు మీద మాత్రం మేడ్ ఇన్ జపాన్ అని ఉంది. ఫెండర్ నమూనా చూసి చేసిన కాపీ. నడుమ ఎరుపు, అంచులకి పోయేకొద్దీ నలుపు. ఆంప్లిఫయరు లేదు. పాత వాల్వు రేడియోలకి వెనక గ్రామఫోను తగిలించే బొక్క ఉండేది కదా, దానికి తగిలించి మా చర్చిలో క్రిస్మస్ రాత్రి మొదటిసారి వాయించాడు. హార్మోనియం, ఢోలక్ తప్ప ఇంకోటి ఎరగని పల్లె. బల్లల మీద కూర్చున్న ముసలోళ్లు కింద ఏదో కదులుతోందని కాళ్లు పైకి తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె. ఇరవై రోజులు. జీతాల్లేవు, అరెస్టులు, క్వార్టర్లు ఖాళీ చేయమని బెదిరింపులు. నాయన యూనియన్ మనిషి. అమ్మ కడుపుతో ఉంది, కడుపులో ఉంది నేనే. గిటారు కావలిలో తాకట్టు కొట్టుకి పోయింది, అరవై రూపాయలకి. కొట్టువాడు ఆ ఉక్కు ప్లేటు మీద మేకుతో 218 అని గీసుకున్నాడు. విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డప్పు సంగతి చెప్పకుండా గిటారు సంగతి చెప్పలేను. మాది మాదిగ పల్లె. ఒంగోలు మిషన్ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర మీలో చాలామందికి తెలుసు. ఆ మిషన్ మాదిగలకి పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. చూడ్డానికి మూడు చిన్న మాటలే. కానీ జాతరకి డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డుని ఎత్తడం మాదిగ చేసి తీరాల్సిన వెట్టి. మతం మారినంత మాత్రాన వెట్టి ఊరుకుంటుందా? మా తాత ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేవాడు, మధ్యవారంలో ఊళ్లో ఎవరైనా పోతే పాడె ముందు డప్పు కొట్టేవాడు. కొట్టనంటే పొలం పని బంద్. నాయనకి పదిహేనేళ్లప్పుడు తాతకి జరమొస్తే బదులు ఈయన పోయాడు. ఊరు చివరిదాకా కొట్టుకుంటా పోయాక, కూలి గింజలు చేటలో పోసి నేల మీద పెట్టి, పెట్టినాయన నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. తీసుకోమని చేత్తో సైగ. అంతే. ఆ తర్వాత నాయన డప్పు ముట్టలేదు.

నేను ముట్టాను. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు నాకు ఇరవై ఏళ్లు. డప్పు మెడలో వేసుకుని రోడ్డెక్కాం. ఆయన విదిలించుకున్నదాన్ని నేను ఎత్తుకున్నానని వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకసారి అన్నాడు: "డప్పు మీద నాకేం కోపం లేదు అబ్బయ్యా. రమ్మని పిలిచే గొంతు మీదే." మేం ఎవరు పిలిస్తే కొట్టడం లేదు కదా అన్నాను. ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. అయినా ముట్టలేదు.

ఇక గిటారు లోపం.

దానికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అన్నిటికంటే సన్న తీగని జి తీగ అంటారు. దాని మీద ఐదో ఫ్రెట్టు దగ్గర సి అనే స్వరం రావాలి. వస్తుంది, నిలవదు. పక్క ఫ్రెట్ల మీద స్వరాలు నాలుగైదు సెకన్లు మోగుతూ ఉంటే ఇది టుక్కుమని ఆగిపోతుంది, ఇసకలో పడ్డ బంతిలాగా. వాయించేవాళ్లు డెడ్ స్పాట్ అంటారు. మా ఇంట్లో మూగ మెట్టు అనేవాళ్లం.

ఇది ఒక్క మా గిటారు జబ్బు కాదు. మెడని బోల్టులతో బిగించే ఈ నమూనా బేస్ గిటార్లలో చాలావాటికి, ఎవరు చేసినా, ఎంత ఖరీదైనదైనా, జి తీగ మీద ఐదుకీ ఏడుకీ మధ్య ఎక్కడో అక్కడ ఈ గొయ్యి ఉంటుంది. మెడ కూడా కర్రే, దానికీ ఒక సొంత ఊపు ఉంటుంది. ఆ సి స్వరం పలికేటప్పుడు తీగ సెకనుకి దాదాపు 131 సార్లు కదులుతుంది. మెడ సొంత ఊపు కూడా ఆ దగ్గర్లోనే ఉంటే తీగలో ఉన్న బలాన్ని మెడ లాగేసుకుంటుంది. ఊయల ఎప్పుడు ముందుకి పోతుందో అప్పుడే తోస్తే మన బలమంతా ఊయలకి పోతుంది చూడండి, అట్లాగ. మెడ ఊగుతుంది, తీగ ఆగిపోతుంది.

నాయనకి ఈ లెక్కలేవీ తెలియవు. ఆయన కనిపెట్టిన మందు మాత్రం సరైన మందు. అదే సి, పక్కనున్న డి తీగ మీద పదో ఫ్రెట్టు దగ్గర కూడా ఉంటుంది. స్వరం అదే, వేలు పెట్టే చోటు వేరు. అక్కడ మెడ అంతగా ఊగదు, కాబట్టి స్వరం నిలుస్తుంది. అందుకని సి అవసరమైనప్పుడల్లా ఆయన చెయ్యి ఐదు ఫ్రెట్లు జరిగి, పక్క తీగ మీద వాలి, పని చూసుకుని వెనక్కి వచ్చేది. నలభై ఏళ్లు అట్లాగే వాయించాడు. చూసేవాళ్లు అదేదో స్టయిలనుకున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు మంచి గిటార్ల మీద కూడా అట్లాగే తిరిగొచ్చేవాళ్లు.

మా తాత పల్లె నుంచి స్టేషనుకి పోవాలంటే నడి ఊళ్లో నుంచి పావు మైలు. చెరువు కట్ట మీదుగా పోతే మైలున్నర. చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం ఇష్టం లేక ఆయన కట్ట మీదే పోయేవాడు. నేను కాలేజీకి వచ్చేసరికి ఆ వీధిలో ఎవరూ ఎవర్నీ ఆపే రోజులు కావు, తాత మాత్రం చనిపోయేదాకా కట్ట మీదే పోయాడు.

2015 నవంబరు వానలు నెల్లూరు జిల్లా వాళ్లకి గుర్తుండే ఉంటాయి. గోడ నాని మేకు ఊడింది. గిటారు తలకిందులుగా పడింది. తీగల బిగువు మీద పడింది కాబట్టి దెబ్బ మెడకి తగిలింది. తల మొదలవుతున్న చోట నుంచి రెండో మర దాకా కర్ర పోగు వెంట పగులు. లోపల పికప్పు, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే తీగచుట్ట, చెమ్మ పట్టి అదీ పోయింది. నాయన దాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టించాడు. చర్చి కుర్రాళ్లు కొత్త గిటారు కొనుక్కున్నారు. ఎనిమిదేళ్లు గడిచాయి. మా చిన్నది తొమ్మిదో క్లాసుకొచ్చి, బేస్ నేర్చుకుంటానంది.

మొదట ఒక పెద్ద ఊళ్లో పెద్ద షోరూముకి తీసుకుపోయాను. పేరెందుకు లెండి. ఏసీ, గాజు తలుపులు. కౌంటరు కుర్రాడు దుప్పటి విప్పకముందే నన్ను చూశాడు. విప్పాక గిటారుని చూశాడు. మళ్లీ నన్ను చూసి, "ఇది మీకెలా వచ్చిందండీ?" అన్నాడు. జపాన్ కాపీకే ఈ ప్రశ్న. మా నాయనదన్నాను. "ఆయన మ్యూజీషియనా?" ఖలాసీ అన్నాను. ఓహో అని లోపలికి పోయి యజమానిని పిలుచుకొచ్చాడు.

యజమాని మర్యాదస్తుడే. ఆయన చెప్పింది రెండు దారులు. ఒకటి, కొత్త మెడ, కొత్త పికప్పు, ఒంటికి రంగు గీకించి కొత్త పాలిష్, ఆ 'గీతలు పడ్డ ప్లేటు' తీసేసి మెరిసే ప్లేటు. రెండోది, ఏమీ చేయకుండా ఆయనకే అమ్మేయడం. ఒక కెఫేవాళ్లు గోడకి తగిలించడానికి పాత గిటార్లు వెతుకుతున్నారట. "ఈ అరుగుదల కావాలంటే రాదండీ, దీనికొక అందం ఉంది" అన్నాడు. బాగుచేస్తే అరుగుదల అంతా గీకేయాలి, అరుగుదల ఉంచాలంటే వాయించకూడదు, గోడకెక్కాలి. మూడో దారి ఆయన దగ్గర లేదు.

ఈ అరుగుదల అందం గురించి మీకో సంగతి చెప్పాలి. ఫెండర్ కంపెనీ 1990ల నడుమ నుంచి రెలిక్ అనే పేరుతో గిటార్లు అమ్ముతోంది. అవి సరికొత్తవి. ఫ్యాక్టరీలోనే రంగు గీకి, ఇత్తడికి చిలుము పట్టించి, మోచెయ్యి ఆనే చోట కర్ర బయటపడేలా అరగదీసి, యాభై ఏళ్లు వాయించినట్టు తయారుచేస్తారు. మామూలు కొత్త గిటారు కంటే వాటికి ధర ఎక్కువ, మన డబ్బుల్లో లక్షల్లో ఉంటుంది. చినిగిన జీన్ ప్యాంటు వ్యవహారమే. చినుగు నిజమైతే పేదరికం, కొనుక్కుంటే ఫ్యాషన్. తప్పని చెప్పడం లేదు, కొనుక్కునేవాళ్లు కొనుక్కోనివ్వండి. కానీ మన వస్తువుల లోపం మీద పైవాళ్లకి ప్రేమ పుట్టినప్పుడు నాకు కొంచెం భయమేస్తుంది. మన గుడిసెల ఫోటోలు వాళ్ల హాళ్లలో చూశాను. మన గుడిసె మీద రేకులు పడితే "అయ్యో, ఆ అందం పోయింది" అన్నవాళ్లనీ చూశాను.

అట్లాగని అంతా గీకి కొత్తది చేయించాలా? నాకు జేమ్స్ జేమర్‌సన్ గుర్తొచ్చాడు. దక్షిణ కెరొలైనాలో పుట్టిన నల్లజాతి మనిషి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి అరవైల్లో బేస్ వాయించింది ఎక్కువగా ఈయనే. ప్రపంచమంతా ఆ పాటలకి డాన్సు చేసింది. రికార్డు అట్ట మీద గాయకుల పేర్లుండేవి, వాయించినవాళ్ల పేర్లుండేవి కావు. 1971లో మార్విన్ గే రికార్డు మీద జేమర్‌సన్ పేరు పడేసరికి ఆయన ఆ కంపెనీకి పదేళ్లకు పైగా వాయించి ఉన్నాడు. ఆయన వాడింది 1962 నాటి ప్రెసిషన్ బేస్. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. మెడ మడమ దగ్గర చాకుతో ఫంక్ అని చెక్కుకున్నాడు. 1983లో ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆ గిటారుని ఎవరో దొంగిలించారు. అలాంటి గిటారు మన షోరూముకి వస్తే ఏం జరిగేది? ఆ చెక్కిన అక్షరాలకి లప్పం పెట్టి, పైన పాలిష్ కొట్టి ఇచ్చేవాళ్లు.

ఇంటికొచ్చి నాయనకి రెండు దారులూ చెప్పాను. మెడ మార్చకుండా, ఆ మూగ మెట్టుతో సహా ఉన్నదున్నట్టు కాపాడదామని నా మనసులో ఉంది. ఆయన వినీ వినగానే, "మెడ మార్పించు" అన్నాడు.

"నీ చెయ్యి పడ్డ మెడ నాయనా అది."

"నా చెయ్యి నాకాడే ఉండాది గదా. మూగ మెట్టుని వాయించింది నేను. దాని మీద నాకు ప్రేమెందుకు? పిల్లకి కూడా అదే ఇస్తావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తరతరాలుగా మనకి పాత చొక్కా, నిన్నటి అన్నం, చిల్లు చెంబు ఇచ్చి, అందులోనే గొప్ప ఉందని పాటలు కూడా వాళ్లే పాడారు. మా నాయన ఆ పాట వినదలుచుకోలేదు. వాడేవాడికి పనిముట్టు పనిచేయాలి. రెండు రోజులు కూర్చుని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బాగుచేయగలిగిందంతా బాగుచేయాలి, ఏదీ మురిపెంగా వదిలేయకూడదు. రంగు, ప్లేటు ముట్టుకోకూడదు, అవి వాయించడానికి అడ్డం కావు కాబట్టి. ఇక మెడ. కొత్త మెడ ఇరవై వేల పైమాట, పైగా మన గిటారు కొలతకి దొరుకుతుందో లేదో. కొత్త మెడకి కొత్త మూగ మెట్టు ఉండదని ఏ కంపెనీ రాసివ్వదు. ఇది చెప్పాక నాయన దిగొచ్చాడు. "అయితే పగులు అతికించు. మళ్లీ తెగకుండా అతికించు" అన్నాడు.

బిట్రగుంటలో ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. రైల్వే బంగళాలకి కిటికీలు, మా చర్చికి శవపెట్టెలు చేసిన చెయ్యి. గిటారు ఎప్పుడూ ముట్టలేదన్నాడు. పగులుని గోటితో గీరి, వాసన చూసి, "ఇది మేపుల్‌లాంటి కర్ర, మన కర్ర కాదు. ఫెవికాల్ వద్దు. జంతువు జిగురు పెడదాం" అన్నాడు. గొడ్డు తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు అది. గోధుమరంగు పలుకులుగా దొరుకుతుంది. నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున నేరుగా మంట తగలకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాడు. మరిగిస్తే పట్టు పోతుందట. పగులుని సన్న చెక్కచీలతో తెరిచి, వేడి జిగురుని పాత సిరంజితో లోపలికి ఎక్కించి, బిగింపులు వేసి రెండు రోజులు కదపనివ్వలేదు. దీని సుగుణమేంటంటే గట్టిగా పట్టుకుంటుంది, కానీ రేపెప్పుడైనా విప్పాల్సి వస్తే వేడి, ఆవిరి తగిలితే వదులుతుంది. వయొలిన్లు అతికించేది దీనితోనే, కొన్ని వందల ఏళ్లుగా.

ఆ గిన్నె దగ్గర కూర్చుని వాసన పీలుస్తుంటే మా తాత తోలు నానబెట్టే తొట్టి గుర్తొచ్చింది. కచేరీలో వయొలిన్ ఒళ్లంతా పట్టుకుని ఉండేది గొడ్డు తోలు జిగురు. పక్కన మృదంగం మీద ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు. ఆ తోళ్లు ఎంచి, కోసి, బిగించే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో సెబాస్టియన్ అండ్ సన్స్ అని పుస్తకం రాస్తే, చెన్నైలో ఆవిష్కరణకి ముందు ఇచ్చిన హాలుని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. ఆవిష్కరణ వేరే చోట జరిగింది. తోలు వేదికెక్కొచ్చు. తోలు గురించి మాట్లాడితేనే ఇబ్బంది.

జిగురు ఒక్కటే చాలదన్నాడు వడ్రంగి. తల వెనక వైపు పలచగా చెక్కి, రోజ్‌వుడ్ పలక ఒకటి అతికించి పైన నాలుగు చిన్న స్క్రూలు వేశాడు. పాత కుర్చీ చెయ్యి కోసి తీసిన పలక. బరువు వంద గ్రాముల లోపే. మెడ లోపల ఉండే ఉక్కు కడ్డీ నట్టు తుప్పు పట్టి తిరగలేదు. సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని వేడిచేసి, చుక్క నూనె వేసి, మర్నాడు మళ్లీ వేడిచేసి, మూడో రోజుకి పావు చుట్టు తిప్పాడు. తిరిగినప్పుడు కిర్రుమంది. మెడే విరిగిందేమోనని నా గుండె ఆగినంత పనైంది.

పికప్పు కావలిలో ఫ్యాన్లకి, మోటార్లకి వైండింగ్ చేసే తమ్ముడు చేశాడు. మా పల్లెవాడే, ఐటీఐ చదివాడు. ఫ్యాను తీగ దీనికి పనికిరాదు, వెంట్రుక మందం తీగ కావాలి. చెన్నై నుంచి తెప్పించాడు. కుట్టుమిషను మోటారుకి బాబిన్ బిగించి, సైకిల్ మీటరుతో చుట్లు లెక్కపెట్టుకుంటూ వేల చుట్లు చుట్టాడు. రెండుసార్లు తెగింది. మూడోసారి మల్టీమీటరు పెడితే పది కిలో ఓములు చూపించింది. "అన్నా, బతికింది" అని ఫోను చేశాడు. ఎంతిమ్మంటావంటే, ఫ్యాను వైండింగ్ రేటే తీసుకున్నాడు. ఎంత చెప్పినా పైసా ఎక్కువ పుచ్చుకోలేదు.

మొత్తం తొమ్మిది వేలు దాటలేదు. అందులో తీగలకే రెండు వేల పైచిలుకు. వాయిద్యాల వ్యాపారం గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

తీగలు ఎక్కించింది చర్చి కుర్రాడు. మెడ వంపు సరిచూసి, తీగల ఎత్తు సరిచేసి, చర్చి ఆంప్లిఫయరుకి తగిలించాడు. నేను నేరుగా జి తీగ మీద ఐదో ఫ్రెట్టు నొక్కి మీటాను. సి మోగింది. మోగుతూనే ఉంది. వేలు తీసేదాకా ఆగలేదు. మళ్లీ మీటాను, మళ్లీ మోగింది.

ఇంకో పది నిమిషాలకి చిన్నది కనిపెట్టింది. "నాన్నా, నాలుగోది పలకట్లేదు." బి స్వరం. టుక్కుమని ఆగిపోతోంది. మూగ మెట్టు పోలేదు, ఒక ఫ్రెట్టు కిందికి జరిగింది. ఆలోచిస్తే కారణం తెలుస్తూనే ఉంది. తల మీద బరువు పెరిగితే మెడ ఊపు నెమ్మదిస్తుంది, అది మింగే స్వరం కూడా కిందికి దిగుతుంది. డెడ్ స్పాటుని జరపడానికి గిటారు తలకి తగిలించే ఇత్తడి బిళ్లలు బజార్లో కూడా అమ్ముతారు. మా వడ్రంగి కుర్చీ చెయ్యితో అదే పని చేశాడు, తనకి తెలియకుండానే.

చిన్నది పెద్దగా బాధపడలేదు. పక్క తీగ మీద తొమ్మిదో ఫ్రెట్టు దగ్గర బి వెతుక్కుంది. తల చివర చిన్న ఇనుప బిగింపు ఒకటి పెట్టి చూస్తానని, అప్పుడు అది రెండు స్వరాలకి మధ్యన పడి ఏదీ చావదేమోనని చర్చి కుర్రాడు ఏవో లెక్కలు వేస్తున్నాడు. ఇంకా తేలలేదు.

ఆ సాయంత్రం గిటారు నాయన ఒళ్లో పెట్టాం. డెబ్బై ఏడేళ్లు. కుడి చెవి అసలు వినబడదు. ఎడమ చెయ్యి వణుకుతుంది గానీ మెడ మీద పడగానే వణుకు తగ్గింది. ముందు గిటారు తిప్పి, వెనక ప్లేటు మీద 218 ఉందో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత ఎప్పుడూ వాయించే క్రిస్మస్ పాట ఎత్తుకున్నాడు. సి వచ్చే చోటుకి చెయ్యి ఐదు ఫ్రెట్లు జరిగి, పక్క తీగ మీద పదో ఫ్రెట్టు దగ్గర వాలి, వెనక్కి వచ్చింది.

"తాతా, ఇప్పుడు ఐదోది పలుకుతుంది, అక్కడే వాయించొచ్చు" అంది చిన్నది.

"పలుకుతుందా?"

"పలుకుతుంది, చూడు." అది వంగి, ఆయన వేలు పట్టుకుని ఐదో ఫ్రెట్టు మీద పెట్టి, తనే తీగ మీటింది. ఆయనకి వినబడిందో లేదో గానీ అరచెయ్యి గిటారు ఒంటి మీదే పెట్టి, అదురు ఆగేదాకా ఉంచాడు.

"బాగుండాది" అన్నాడు. మళ్లీ పాట మొదట్నించీ ఎత్తుకున్నాడు. సి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పదో ఫ్రెట్టుకే పోయింది. చిన్నది ఇంకేమీ అనలేదు. పక్కనే కూర్చుని పాట పాడటం మొదలుపెట్టింది.